క్లస్టర్ అకౌంట్ నుంచి క్లౌడ్ బిల్లు దాకా: రీసెర్చ్ చేసేవాళ్ళకి పూర్తి గైడ్

ల్యాబ్ డెస్క్‌టాప్ మీద ఒక రన్‌కి మూడ్రోజులు పడుతోందంటే మనవాళ్ళు ముందు చేసే పని గైడ్ దగ్గరికెళ్ళి "సర్, సూపర్‌కంప్యూటర్ అకౌంట్ కావాలి" అనడం. అకౌంట్ వచ్చాక ఎన్ని కోర్లిస్తే (ప్రాసెసర్‌లో విడిగా లెక్క చేసే ఒక్కో భాగం ఒక కోర్) అన్నీ అడిగేయడం, జాబ్ (నడపమని మనం పంపే పని) క్యూలో రోజులతరబడి కదలకపోతే మన దగ్గర మెషీన్లు చాలవని తిట్టుకోవడం. మెషీన్లు చాలవన్నది కొంతవరకు నిజమే గానీ, నేను చూసినంతలో టైమ్‌ని ఎక్కువగా తినేసేది అది కాదు, కొలవకుండా అడగడం. నాలుగు నోడ్లు (క్లస్టర్‌లో కలిపి కట్టిన ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్) చాలే పనికి పదహారు అడుగుతారు, ఆరు గంటల్లో అయ్యేదానికి మూడ్రోజుల వాల్‌టైమ్ (జాబ్‌కి మనం అడిగే గరిష్ఠ సమయం) పెడతారు, తర్వాత అదే అలవాటు క్లౌడ్‌కి తీసుకెళ్తారు, అక్కడ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఊరికే థియరీ చెప్తే బుర్రకెక్కదు కాబట్టి ఒక పని పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా వెళ్దాం. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫానుని డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ మోడల్‌తో మళ్ళీ సిమ్యులేట్ చెయ్యాలి, బయటి డొమైన్ 9 కిలోమీటర్ల గ్రిడ్, లోపలిది 3 కిలోమీటర్లు, మొత్తం 72 గంటలు. మీది కెమిస్ట్రీ అయినా జీనోమ్ అయినా వరస ఇదే, సాఫ్ట్‌వేర్ పేరు మారుతుందంతే. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టండి.

1. అసలు క్లస్టర్ కావాలా

ముందు మీ మెషీన్ మీద ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇంకో టెర్మినల్‌లో హెచ్‌టాప్ (ఏ కోర్ ఎంత పని చేస్తోందో చూపించే టూల్) తెరవండి. ఒక్క కోరే 100 శాతం కొట్టుకుంటూ మిగతావన్నీ ఖాళీగా కూర్చున్నాయంటే ఆ కోడ్ సింగిల్ కోర్ కోడ్. దాన్ని అలాగే తీసుకెళ్ళి ఏ సూపర్‌కంప్యూటర్ మీద పెట్టినా స్పీడ్ పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా, ఎందుకంటే సర్వర్ ప్రాసెసర్లలో కోర్లు ఎక్కువుంటాయి గానీ ఒక్కో కోర్ క్లాక్ స్పీడ్ మీ గేమింగ్ ల్యాప్‌టాప్ కన్నా తక్కువ. ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు.

క్లస్టర్ పనికొచ్చే సందర్భాలు నాలుగు. ఒకే ప్రోగ్రామ్ ఎంపీఐతో (నోడ్ల మధ్య డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) చాలా నోడ్ల మీద పంచుకుని నడవగలగడం (మన డబ్ల్యూఆర్ఎఫ్, గ్రోమాక్స్, క్వాంటమ్ ఎస్ప్రెసో ఇలాంటివి). ఒకే చిన్న ప్రోగ్రామ్‌ని వేరే వేరే ఇన్‌పుట్లతో వందలసార్లు తిప్పాల్సి రావడం, దీనికి కోడ్ మార్చక్కర్లేదు, అన్నిటికన్నా తేలికైన లాభం ఇక్కడే. మూడోది మీ దగ్గర లేని జీపీయూ (ఒకేసారి వేల లెక్కలు చేసే గ్రాఫిక్స్ చిప్) కావాల్సి రావడం. నాలుగోది ఊరికే మెమరీ చాలకపోవడం.

మొదటి రకంలో 1967 నాటి ఆమ్డాల్ లెక్క గుర్తుంచుకోండి. మీ కోడ్‌లో 5 శాతం పని పంచుకోవడానికి వీల్లేనిదైతే 100 కోర్లు పెట్టినా స్పీడ్ దాదాపు 17 రెట్లే, వెయ్యి పెట్టినా 20 దాటదు. అడ్మిన్‌ని ఎంత బతిమాలినా మారని లెక్క ఇది.

2. అకౌంట్ ఎక్కడ దొరుకుతుంది

మొట్టమొదట మీ సొంత ఇన్‌స్టిట్యూట్‌లోనే అడగండి. డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ప్రాజెక్ట్ డబ్బుతో కొన్న చిన్న క్లస్టర్ ఏదో మూల ఏసీ రూమ్‌లో తిరుగుతూ ఉంటుంది, సగం మందికి అది ఉందనే తెలీదు. నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు, క్యూ తక్కువ, అడ్మిన్ పక్క బిల్డింగ్‌లోనే ఉంటాడు.

ఆ తర్వాత నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మెషీన్లు. 2015లో 4,500 కోట్లతో మొదలైన మిషన్ ఇది, కేంద్రంలో ఐటీ శాఖ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కలిసి పెట్టాయి, పని చేసేది పూణే సీడాక్, బెంగళూరు ఐఐఎస్సీ. మనకి దగ్గర్లో అంటే కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో పరమ్ సేవ, 838 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు, పెటాఫ్లాప్ దానికి వెయ్యి రెట్లు). బెంగళూరు ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ, 3.3 పెటాఫ్లాప్స్. ఇవి కాక ఖరగ్‌పూర్‌లో పరమ్ శక్తి, రూర్కీలో పరమ్ గంగ, వారణాసిలో పరమ్ శివాయ్. బయటి ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళకి కొంత టైమ్ కేటాయించే పద్ధతి ఉంది గానీ రూల్సూ ఛార్జీలూ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ఫారం మీద గైడ్ సంతకం మాత్రం ఎక్కడైనా తప్పదు. మీరు పీహెచ్‌డీ స్కాలరైతే అప్లికేషన్ గైడ్ పేరు మీదే వెళ్తుంది, కాబట్టి ఆయన ఊళ్ళో ఉన్నప్పుడే పని కానిచ్చుకోండి.

జీపీయూ పని అయితే 2024 మార్చిలో కేబినెట్ ఓకే చేసిన ఇండియాఏఐ మిషన్ కింద కూడా చూడొచ్చు, అర్హత ఉన్నవాళ్ళకి జీపీయూ ఖర్చులో 40 శాతం దాకా సబ్సిడీ ఇచ్చే ఏర్పాటుంది. నేర్చుకునే స్టేజ్‌లో ఉంటే ఇవేవీ వద్దు, కోలాబ్, కాగిల్ ఫ్రీ జీపీయూలు చాలు.

అమెరికాలో చదువుతున్న మనవాళ్ళకి యాక్సెస్ అనే ప్రోగ్రామ్ ఉంది, 2022 సెప్టెంబర్‌లో ఎక్స్‌సీడ్ స్థానంలో వచ్చింది. అందులో ఎక్స్‌ప్లోర్ అనే మొదటి మెట్టుకి గ్రాడ్ స్టూడెంట్ కూడా తన పేరు మీదే అప్లై చేసుకోవచ్చు, అడ్వైజర్ లెటర్ జత చేస్తే చాలు, 4 లక్షల క్రెడిట్ల దాకా ఇస్తారు. పెద్ద ప్రపోజల్ రాయక్కర్లేదు, చిన్న వివరణ చాలు. మాస్టర్స్ థీసిస్ చేస్తూ సొంత క్రెడిట్ కార్డు మీద జీపీయూ అద్దెకి తీసుకుంటున్నవాళ్ళు ముందు ఇది చూడండి.

3. లాగిన్ అయ్యాక మొదటి గంట

పాస్‌వర్డ్ బదులు ఎస్ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కి తాళంచెవి లాంటి ఫైళ్ళ జత) పెట్టుకోండి, ఈడీ25519 రకం, దానికి పాస్‌ఫ్రేజ్ ఉండాలి. ప్రైవేట్ కీని వాట్సాప్‌లో ఫ్రెండ్‌కి పంపి "నా అకౌంట్ వాడుకోరా" అనేవాళ్ళున్నారు, దొరికితే మీ ఒక్కరిదే కాదు ల్యాబ్ మొత్తం అకౌంట్లు ఆపేయొచ్చు.

లాగిన్ అవగానే మీరు నిలబడేది లాగిన్ నోడ్ మీద. అది ఫైళ్ళు సర్దుకోవడానికి, స్క్రిప్ట్ రాసుకోవడానికి, జాబ్ పంపడానికి మాత్రమే, వంద మంది పంచుకునే మెషీన్ అది. అక్కడే ప్రోగ్రామ్ రన్ చేసేస్తే అందరికీ కీబోర్డ్ కొట్టిన అక్షరం రెండు సెకన్లకి కనపడుతుంది, పదినిమిషాల్లో అడ్మిన్ మెయిల్ వస్తుంది. చిన్న టెస్ట్ అయినా ఎస్‌అలాక్ (salloc) కొట్టి కంప్యూట్ నోడ్ (అసలు లెక్కలు నడిచే నోడ్) తీసుకుని అక్కడ చెయ్యండి. కనెక్షన్ తెగినా పని పోకుండా టీమక్స్ (tmux) వాడండి, హాస్టల్ వైఫై సంగతి మీకు తెలిసిందేగా.

డిస్కులు కనీసం రెండుంటాయి. హోమ్ చిన్నది, కోడూ స్క్రిప్టులూ పెట్టుకోవడానికి. స్క్రాచ్ పెద్దది, వేగంగా ఉంటుంది, సాధారణంగా లస్టర్ ఫైల్ సిస్టమ్, కానీ దానికి బ్యాకప్ ఉండదు, పైగా ఇన్ని రోజులు ముట్టుకోని ఫైళ్ళని ఆటోమేటిక్‌గా తుడిచేసే రూల్ ఉంటుంది. ఎన్ని రోజులో మొదటిరోజే కనుక్కోండి. థీసిస్ డేటా స్క్రాచ్‌లో వదిలేసి దసరా సెలవులకి ఊరెళ్ళిపోతే తిరిగొచ్చేసరికి డైరెక్టరీ ఖాళీ. ఇంకో సంగతి, లస్టర్‌కి పెద్ద ఫైళ్ళంటే ఇష్టం, లక్షల చిన్న ఫైళ్ళంటే పడదు. ఇమేజ్ డేటాసెట్ అయితే విడివిడి జేపెగ్‌లుగా కాకుండా టార్ గానీ హెచ్‌డీఎఫ్5 గానీ కట్టి పెట్టండి.

కంప్యూట్ నోడ్లకి చాలా చోట్ల ఇంటర్నెట్ ఉండదు. మన తుఫాను రన్‌కి కావాల్సిన ఈఆర్ఏ5 డేటా (గతంలోని వాతావరణం గ్రిడ్ రూపంలో) అంతా ముందే లాగిన్ నోడ్ నుంచో, డేటా ట్రాన్స్‌ఫర్‌కి వేరే నోడ్ ఉంటే అక్కణ్ణుంచో దించుకోవాలి. ల్యాప్‌టాప్ నుంచి పంపేటప్పుడు ఎస్‌సీపీ కాదు, ఆర్‌సింక్ వాడండి, పార్షియల్ ఆప్షన్ పెడితే మధ్యలో తెగినా మిగిలిన దగ్గర్నుంచి ఎత్తుకుంటుంది.

4. సాఫ్ట్‌వేర్

సూడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడపడం) ఉండదు, అడగొద్దు కూడా. మాడ్యూల్ అవెయిల్ కొడితే అడ్మిన్ ముందే పెట్టిన సాఫ్ట్‌వేర్లు ఏమేం ఉన్నాయో కనిపిస్తాయి, మాడ్యూల్ లోడ్‌తో ఎక్కించుకుంటారు, కొత్తది మొదలుపెట్టే ముందు మాడ్యూల్ పర్జ్‌తో పాతవన్నీ దించేయండి. డబ్ల్యూఆర్ఎఫ్ కంపైల్ చేసేవాళ్ళు సాధారణంగా పడే గొయ్యి ఒకటే, నెట్‌సీడీఎఫ్ (మోడల్ డేటా ఫైళ్ళు చదివి రాసే లైబ్రరీ) ఒక కంపైలర్‌తో కట్టి ఉంటుంది, మోడల్‌ని ఇంకో కంపైలర్‌తో కడతారు, లింక్ దగ్గర ఎర్రర్లు పేజీలు పేజీలు వస్తాయి. కంపైలర్, ఎంపీఐ, నెట్‌సీడీఎఫ్ మూడూ ఒకే కుటుంబం అయ్యుండాలి, కాన్ఫిగర్‌లో డీఎమ్‌పార్ అన్న ఆప్షన్ ఎంచుకోవాలి, లేకపోతే ఎన్ని నోడ్లిచ్చినా వాటి మీద పంచుకుని నడవదు.

పైథాన్ వాళ్ళకి కాండా ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలన్నీ విడిగా పెట్టుకునే ఫోల్డర్) సరిపోతుంది గానీ అది వేల చిన్న ఫైళ్ళు సృష్టిస్తుంది, హోమ్ కోటా చటుక్కున నిండిపోతుంది. సాఫ్ట్‌వేర్‌నంతా ఒక డబ్బాలో కట్టి నడిపే డాకర్‌ని క్లస్టర్ల మీద దాదాపు ఎక్కడా ఒప్పుకోరు, రూట్ పర్మిషన్ గొడవ. దాని బదులు ఆప్‌టెయినర్ ఉంటుంది, పాత పేరు సింగులారిటీ, డాకర్ ఇమేజ్‌ని ఒకే ఫైల్‌గా మార్చి నడుపుతుంది. ఆరు నెలల తర్వాత రివ్యూయర్ అడిగినప్పుడు అదే రన్ మళ్ళీ చేసి చూపించాలంటే ఇదే దారి.

5. చిన్న రన్, కొలత

ఇక్కడ తొందరపడొద్దు, ఈ గైడ్‌లో మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

మన బయటి డొమైన్ 301 బై 301 పాయింట్లు, లోపలిది 331 బై 331 అనుకుందాం. డబ్ల్యూఆర్ఎఫ్ గ్రిడ్‌ని ముక్కలుగా కోసి ఒక్కో కోర్‌కి ఒక్కో ముక్క ఇస్తుంది, ప్రతి స్టెప్‌లో పక్క ముక్కలతో అంచుల డేటా ఇచ్చిపుచ్చుకోవాలి. ముక్క మరీ చిన్నదైతే లెక్క కన్నా ఇచ్చిపుచ్చుకోవడమే ఎక్కువైపోతుంది. డబ్ల్యూఆర్ఎఫ్ వాళ్ళు చెప్పే మోటు లెక్క ఏంటంటే ముక్క పక్క 25 పాయింట్ల కన్నా తగ్గకూడదు. పాయింట్ల లెక్కలో చిన్నది బయటి డొమైన్, 301, దాన్ని 25తో భాగిస్తే 12, పన్నెండు పన్నెండ్లు 144. అంటే 144 కోర్లు దాటితే లాభం పలచబడుతుందని కాగితం మీదే తెలిసిపోయింది, ఇంకా ఏ మెషీనూ ముట్టుకోలేదు. మిషన్ క్లస్టర్లలో చాలా వాటిల్లో నోడ్‌కి 40 లేదా 48 కోర్లు, 192 జీబీ మెమరీ ఉంటాయి. 48 అయితే 144 అంటే సరిగ్గా మూడు నోడ్లు.

ఇప్పుడు నిజంగా కొలవాలి. టైమ్ స్టెప్ (మోడల్ ఒక్కో అడుగులో ముందుకి జరిగే సమయం) బయటి గ్రిడ్ కిలోమీటర్‌కి 6 సెకన్ల చొప్పున 54 సెకన్లు, కాబట్టి 72 గంటలకి 4,800 స్టెప్పులు. మొత్తం తిప్పక్కర్లేదు, తుఫాను సమయంలో ఒక్క గంట చాలు, 67 స్టెప్పులు అవుతాయి. రన్ అయ్యాక ఆర్ఎస్ఎల్ డాట్ ఎర్రర్ డాట్ 0000 అనే ఫైల్ తెరిస్తే టైమింగ్ ఫర్ మెయిన్ అంటూ ఒక్కో స్టెప్‌కి ఎన్ని సెకన్లు పట్టిందో లైన్ లైన్‌గా ఉంటుంది. డొమైన్ 1 లైన్లు మాత్రమే తీసుకోండి, లోపలి డొమైన్ టైమ్ అందులో కలిసే ఉంటుంది. ఒక్క లైన్ చూసి నిర్ణయించకండి, రేడియేషన్ లెక్క 9 నిమిషాలకోసారి అని పెడితే ప్రతి పదో స్టెప్ లావుగా ఉంటుంది, మొదటి స్టెప్ అయితే ఫైళ్ళు చదవడం వల్ల చెప్పనే అక్కర్లేదు. మొదటిది వదిలేసి మిగతావాటి సగటు తియ్యండి.

ఉదాహరణకి నంబర్లు ఇలా వచ్చాయనుకోండి, ఊహించుకున్నవే గానీ తీరు ఇలాగే ఉంటుంది: 48 కోర్ల మీద స్టెప్‌కి 8 సెకన్లు, 96 మీద 4.3, 144 మీద 3.1, 192 మీద 2.7, 384 మీద 2.3. వీటిని 4,800తో గుణించి గంటల్లోకి మార్చి కోర్లతో మళ్ళీ గుణించండి. 48 కోర్లతో 10.7 గంటలు, 512 కోర్ గంటలు. 96తో 5.7 గంటలు, 550. 144తో 4.1 గంటలు, 595. 192తో 3.6 గంటలు, 691. 384తో 3.1 గంటలు, 1,178 కోర్ గంటలు. 192 నుంచి 384కి వెళ్తే మిగిలేది అరగంట, పోయేది దాదాపు ఐదొందల కోర్ గంటలు, పైగా నాలుగు నోడ్ల బదులు ఎనిమిది ఒకేసారి ఖాళీ అయ్యేదాకా క్యూలో పడుండాలి. నేనైతే 144 తీసుకుంటాను. డెడ్‌లైన్ లేకపోతే 96 కూడా మంచిదే.

ఈ పట్టిక మీ అప్లికేషన్‌లో పెట్టండి. "మాకు చాలా కంప్యూటేషన్ కావాలి" అని రాసినదానికీ, "ఒక రన్‌కి 595 కోర్ గంటలు, 20 రన్లు, కాబట్టి 12,000, ఫెయిలయ్యేవాటికి ఇంకో 20 శాతం" అని రాసినదానికీ కమిటీ చూసే చూపులో తేడా ఉంటుంది.

జీపీయూ వాళ్ళకి కొలత వేరు, ముందు మెమరీ. 700 కోట్ల పారామీటర్ల మోడల్ 16 బిట్లలో పెడితే వెయిట్లకే 14 జీబీ. దాన్ని ఆడమ్‌తో (వెయిట్లు సవరించే పద్ధతి) పూర్తిగా ట్రైన్ చెయ్యాలంటే మిక్స్‌డ్ ప్రిసిషన్‌లో (16, 32 బిట్లు కలిపి వాడితే) పారామీటర్‌కి దాదాపు 16 బైట్ల లెక్కన 112 జీబీ, అంటే ఒక్క 80 జీబీ ఏ100 జీపీయూ కూడా చాలదు. రన్ అవుతుండగా ఎన్విడియా ఎస్ఎమ్ఐ (nvidia-smi) కమాండ్‌లో యుటిలైజేషన్ 20, 30 శాతం దగ్గర ఊగుతోందంటే చాలాసార్లు జీపీయూ తప్పు కాదు, డేటా లోడ్ చేసే సీపీయూ కోర్లు చాలట్లేదు, ఇంకో జీపీయూ అడిగితే రెండూ ఖాళీగా కూర్చుంటాయి.

6. జాబ్ స్క్రిప్ట్

జాబుల్ని క్యూలో పెట్టి నోడ్లు పంచేది చాలా చోట్ల స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్. స్క్రిప్ట్ మొదటి లైన్ బాష్, కింద హ్యాష్ ఎస్‌బ్యాచ్ (#SBATCH, ఇది మాత్రం పెద్దక్షరాల్లోనే) అంటూ మొదలయ్యే లైన్లు: నోడ్స్ 3, ఎన్‌టాస్క్స్ పర్ నోడ్ 48, టైమ్ ఐదున్నర గంటలు, పార్టిషన్ (నోడ్ల గుంపు) పేరు, అవుట్‌పుట్ ఫైల్ పేరు. టైమ్ ఐదున్నర ఎందుకంటే లెక్కకి 4.1 వచ్చింది, ఫైళ్ళు రాయడానికీ మెషీన్ మందంగా ఉన్న రోజుకీ కొంచెం కలిపాం, అంతేగానీ మూడ్రోజులు కాదు.

మూడు చిన్న పొరపాట్లు కొత్తవాళ్ళ చేత రోజంతా తల పట్టుకునేలా చేస్తాయి. హ్యాష్‌కీ ఎస్‌బ్యాచ్‌కీ మధ్య ఖాళీ పడితే స్లర్మ్ దాన్ని మామూలు కామెంట్ అనుకుని వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చెప్పదు. ఏదైనా కమాండ్ తర్వాత రాసిన ఎస్‌బ్యాచ్ లైన్లూ అంతే, గంగలో కలిసినట్టే. మూడోది, విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి పంపితే డాస్ లైన్ బ్రేకులున్నాయని తిప్పి పంపుతుంది, డాస్‌టుయునిక్స్ అని ఒక కమాండ్ కొడితే సరిపోతుంది.

డబ్ల్యూఆర్ఎఫ్‌కి ప్రత్యేకంగా, రన్ చేసే లైన్ కన్నా ముందు యూలిమిట్ మైనస్ ఎస్ అన్‌లిమిటెడ్ అని రాయండి. ఇది లేక సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి, నేమ్‌లిస్ట్‌లో (మోడల్ సెట్టింగులుండే ఫైల్) తప్పుందేమోనని వారం రోజులు వెతికినవాళ్ళున్నారు. కొత్త నేమ్‌లిస్ట్‌ని ముందు డీబగ్ పార్టిషన్‌లో పదిహేను నిమిషాలు తిప్పి చూశాకే అసలు క్యూకి పంపండి.

7. క్యూ ఎందుకు కదలట్లేదు

ఎస్‌క్యూ (squeue) కమాండ్‌లో మీ జాబ్ పక్కన పీడీ (పెండింగ్) అని, చివర బ్రాకెట్లో కారణం ఉంటుంది, అది చదవండి. రిసోర్సెస్ అంటే నోడ్లు ఖాళీ లేవు, మీ వంతు వచ్చింది, ఆగండి. ప్రయారిటీ అంటే మీ ముందు ఇంకొకళ్ళున్నారు. క్యూఓఎస్ అని మొదలయ్యేదైతే మీ లిమిట్ దాటారు. రెక్ నోడ్ నాట్ అవెయిల్ అని ఉంటే చాలాసార్లు మెయింటెనెన్స్ దగ్గరపడి ఉంటుంది, మీరడిగిన టైమ్ దాని లోపల పట్టట్లేదు, వాల్‌టైమ్ తగ్గిస్తే అప్పటికప్పుడు మొదలైపోవచ్చు కూడా.

పెద్ద జాబ్ ఒకటి 40 నోడ్ల కోసం కాచుకుని ఉన్నప్పుడు, ఖాళీ అయిన నోడ్లు ఆ మధ్యలో ఊరికే ఉండకుండా స్లర్మ్ చిన్న జాబుల్ని దూరుస్తుంది, బ్యాక్‌ఫిల్ అంటారు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో స్కూటర్ సందు చూసుకుని వెళ్ళిపోయినట్టు. ఆ సందులో పట్టాలంటే మీ జాబ్ ఎంతసేపో స్లర్మ్‌కి తెలియాలి, అది చూసేది మీరు రాసిన వాల్‌టైమే. ఐదున్నర గంటలన్నవాడు దూరిపోతాడు, "ఎందుకైనా మంచిది" అని 72 గంటలు పెట్టినవాడు బయటే నిలబడతాడు. ఎస్‌క్యూకి స్టార్ట్ ఆప్షన్ తగిలిస్తే ఎప్పుడు మొదలవ్వొచ్చో అంచనా చూపిస్తుంది, నమ్మి టీ తాగడానికి వెళ్ళకండి, మారుతూ ఉంటుంది.

ఫెయిర్‌షేర్ అని ఇంకోటుంది, గత కొన్ని వారాల్లో మీ ల్యాబ్ ఎంత వాడితే అంత కిందకి తోస్తుంది. మీ సీనియర్ నిన్న 500 జాబులు వదిలాడంటే ఇవాళ మీ జాబ్ ఆగడానికి కారణం అదే.

8. నడుస్తుండగా, చచ్చాక

మొదటి పది నిమిషాలు దగ్గరుండి చూడండి, ఆర్ఎస్ఎల్ ఫైల్ చివర్లో లైన్లు కదులుతున్నాయా, సీఎఫ్ఎల్ అనే మాట కనిపిస్తోందా. సీఎఫ్ఎల్ (గ్రిడ్ సైజుకి టైమ్ స్టెప్ పట్టట్లేదన్న హెచ్చరిక) వరసగా వస్తుంటే టైమ్ స్టెప్ ఎక్కువైంది, 54ని 45కి దించండి, అప్పుడు స్టెప్పులు 5,760 అవుతాయి, వాల్‌టైమ్ కూడా ఆ లెక్కన పెంచండి. అంతా సరిగ్గా అయితే చివరి లైన్ సక్సెస్ కంప్లీట్ డబ్ల్యూఆర్ఎఫ్.

అయ్యాక సెఫ్ (seff) అని కొట్టి జాబ్ నంబర్ ఇస్తే సీపీయూ ఎంత వాడారో, మెమరీ ఎంత వాడారో శాతాల్లో చెప్తుంది. అది లేని చోట ఎస్‌యాక్ట్‌లో (sacct) మ్యాక్స్ ఆర్ఎస్ఎస్ (వాడిన గరిష్ఠ మెమరీ), ఎలాప్స్‌డ్ (పట్టిన సమయం) చూడండి. అవుట్ ఆఫ్ మెమరీ అని చచ్చిపోతే మెమరీ రెండింతలు చేసి ఒకసారి తిప్పండి, ఎంత వాడిందో చూసి తర్వాత తగ్గించండి.

మధ్యలో కరెంటు పోయినా టైమ్ అయిపోయినా మొదట్నుంచి చెయ్యకూడదంటే రీస్టార్ట్ ఫైళ్ళు రాయించాలి. నేమ్‌లిస్ట్‌లో రీస్టార్ట్ ఇంటర్వల్ నిమిషాల్లో ఉంటుంది, 720 పెడితే సిమ్యులేషన్‌లో ప్రతి 12 గంటలకోసారి రాస్తుంది. మెషీన్ లెర్నింగ్ వాళ్ళు చెక్‌పాయింట్ అనేది ఇదే. మొదటిసారి చిన్న రన్‌లోనే కావాలని చంపి, మళ్ళీ ఎత్తుకుంటోందో లేదో పరీక్షించుకోండి.

ఇరవై రకాల ఫిజిక్స్ ఆప్షన్లతో ఇదే తుఫాను చెయ్యాలంటే ఇరవై స్క్రిప్టులు రాయొద్దు. అర్రే ఆప్షన్‌లో 1 నుంచి 20, పక్కన పర్సెంట్ గుర్తు పెట్టి 5 అంటే ఒకసారికి ఐదే నడుస్తాయి, మిగతావాళ్ళ శాపనార్థాలు తగలవు. ప్రతి రన్ తన సొంత డైరెక్టరీలోనే తిరగాలి, లేదంటే ఒకదాని అవుట్‌పుట్ మీద ఇంకోటి రాసేస్తుంది. అన్నీ అయ్యాక ప్లాట్లు గీసే జాబ్‌ని డిపెండెన్సీ ఆఫ్టర్‌ఓకే పెట్టి ముందే వదిలేయొచ్చు.

9. క్లౌడ్ ఎప్పుడు, ఎలా

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోజూ నడిచే పనికి ఇన్‌స్టిట్యూట్ క్లస్టర్, రివిజన్ డెడ్‌లైన్ మెడ మీదున్నప్పుడో, మీ దగ్గర లేని జీపీయూ ఒక వారం కావాల్సినప్పుడో క్లౌడ్. కొలత ముందే ఉంది కాబట్టి ఖర్చు లెక్క తేలిక. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో హెచ్‌పీసీ6ఏ అనే రకం మెషీన్ 2022 జనవరిలో వచ్చినప్పుడు ఒహాయో రీజియన్‌లో గంటకి 2.88 డాలర్లు, 96 కోర్లు, అంటే కోర్ గంటకి 3 సెంట్లు. ఒక్కో కోర్ మన క్లస్టర్ కోర్ అంత వేగమే అనుకుంటే 12,000 కోర్ గంటలకి 360 డాలర్లు. ఇవాళ్టి రేటు వాళ్ళ కాలిక్యులేటర్‌లో చూసుకుని ఇదే గుణకారం చెయ్యండి.

వీసీపీయూ (క్లౌడ్ వాళ్ళు లెక్కపెట్టే వర్చువల్ కోర్) అన్న మాట దగ్గర జాగ్రత్త. ఇంటెల్ మెషీన్లలో చాలావరకు రెండు వీసీపీయూలు కలిస్తేనే ఒక నిజమైన కోర్. 96 వీసీపీయూ అని చూసి 96 ఎంపీఐ ప్రాసెస్‌లు వేస్తే 48 కోర్ల మీద అవన్నీ కొట్టుకుంటాయి. హెచ్‌పీసీ6ఏ లాంటి వాటిల్లో ఒకటికి ఒకటే.

నోడ్లు ఒకటి కన్నా ఎక్కువైతే మామూలు మెషీన్లు రెండు తీసుకుని కలపడం కాదు, వేగమైన నెట్‌వర్క్ ఉన్న రకం తీసుకుని అన్నీ ఒకే ప్లేస్‌మెంట్ గ్రూప్‌లో (మెషీన్లని దగ్గరదగ్గరగా ఉంచే సెట్టింగ్) పెట్టాలి. ఏడబ్ల్యూఎస్ ప్యారలల్ క్లస్టర్ అనే టూల్ స్లర్మ్‌తో సహా కట్టిస్తుంది, మీ స్క్రిప్ట్ దాదాపు అలాగే నడుస్తుంది, జాబ్ లేనప్పుడు కంప్యూట్ నోడ్లు వాటంతటవే దిగిపోతాయి. మీరు లాగిన్ అయ్యే హెడ్ నోడ్ మాత్రం దిగదు, మీరు ఆపేదాకా మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

కొత్త అకౌంట్‌లో జీపీయూ కోటా చాలాసార్లు సున్నా. పెంచమని రిక్వెస్ట్ పెట్టాలి, రోజులు పట్టొచ్చు, డెడ్‌లైన్ ముందురోజు మొదలుపెడితే కాదు.

స్పాట్ మెషీన్లు (ఖాళీగా మిగిలినవి తక్కువ రేటుకిచ్చేవి) చౌక, కానీ ఎప్పుడైనా లాగేసుకుంటారు, ఏడబ్ల్యూఎస్ రెండు నిమిషాల ముందు చెప్తుంది, గూగుల్ 30 సెకన్లే. అర్రే రకం చిన్న జాబులకి, చెక్‌పాయింట్ ఉన్న ట్రైనింగ్‌కి బాగుంటాయి. మన డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి ఎంపీఐ రన్‌కి వద్దు, మూడు నోడ్లలో ఒకటి పోతే మిగతా రెండూ కూలిపోతాయి.

బిల్లు పెరిగేది లెక్కలో లేని చోట. మన రన్‌లో ఒక త్రీడీ వేరియబుల్ 331 బై 331 బై 40 లెవెల్స్, నాలుగు బైట్ల చొప్పున 17.5 ఎంబీ. లోపలి డొమైన్‌కే ఇలాంటివి ఇరవై, గంటకో ఫ్రేమ్ చొప్పున 73 ఫ్రేములు, 25 జీబీ. ఇరవై రన్లకి 500 జీబీ. దాన్ని ఇంటికి దించుకోవాలంటే బయటికెళ్ళే డేటాకి ఒహాయో నుంచి జీబీకి 9 సెంట్ల లెక్కన, నెలకి మొదటి 100 జీబీ ఫ్రీ పోగా 36 డాలర్ల పైమాటే. ప్లాట్లకి కావాల్సిన వేరియబుల్స్ అక్కడే కోసి, అవి మాత్రమే దించుకుంటే కొన్ని జీబీలతో పోతుంది. మెషీన్ స్టాప్ చేసినా దాని డిస్క్‌కి అద్దె పడుతూనే ఉంటుంది, పబ్లిక్ ఐపీ అట్టిపెట్టుకుంటే దానికీ పడుతుంది. వీటన్నిటి మీద మనకి 18 శాతం జీఎస్టీ. బడ్జెట్ అలర్ట్ మొదటిరోజే పెట్టండి, కానీ అది మెయిల్ పంపుతుందంతే, మెషీన్‌ని ఆపదు. అందుకే లాంచ్ చేసేటప్పుడే స్క్రిప్ట్ చివర షట్‌డౌన్ లైన్ రాసి, షట్‌డౌన్ అయితే టెర్మినేట్ అవ్వాలి అన్న సెట్టింగ్ పెట్టండి, కాకపోతే ఆ షట్‌డౌన్ కన్నా ముందు అవుట్‌పుట్‌ని ఎస్3లోకి (ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్) కాపీ చేసే లైన్ ఉండాలి, లేకపోతే డిస్క్‌తో పాటు అదీ పోతుంది.

డబ్బు కట్టే దారి ముందే అకౌంట్స్ సెక్షన్‌తో మాట్లాడుకోండి. సొంత కార్డు మీద ఆటో పేమెంట్ 15,000 రూపాయలు దాటితే రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ప్రతిసారీ ఓటీపీ కావాలి, అది మిస్సయితే పేమెంట్ ఫెయిలై అకౌంట్ సస్పెండ్ అవ్వొచ్చు, తర్వాత యూనివర్సిటీ నుంచి ఆ డబ్బు రాబట్టుకోవడం ఇంకో పీహెచ్‌డీ. గూగుల్ క్లౌడ్‌కీ ఏడబ్ల్యూఎస్‌కీ రీసెర్చ్ క్రెడిట్ల ప్రోగ్రాములున్నాయి, చిన్న ప్రపోజల్ అడుగుతారు, అందులోకి కూడా ఐదో స్టెప్ పట్టికే వెళ్తుంది.

10. సర్దుకోవడం

నేమ్‌లిస్ట్, జాబ్ స్క్రిప్ట్, మాడ్యూల్ లిస్ట్ అవుట్‌పుట్, డబ్ల్యూఆర్ఎఫ్ వెర్షన్ నంబర్ ఈ నాలుగూ గిట్‌లో పెట్టండి, కొన్ని కేబీలే. రీస్టార్ట్ ఫైళ్ళు తుడిచేయండి, స్క్రాచ్‌లోంచి అవసరమైన అవుట్‌పుట్ మాత్రం ల్యాబ్ డిస్క్‌కి తెచ్చుకుని చెక్‌సమ్ (ఫైల్ చెడకుండా వచ్చిందని చెప్పే అంకె) సరిచూశాకే అక్కడిది చెరపండి. పేపర్లో ఏ మెషీన్ వాడారో అక్నాలెడ్జ్‌మెంట్ రాయడం మర్చిపోవద్దు, మిషన్ క్లస్టర్లకి ఏ వాక్యం రాయాలో యూజర్ మాన్యువల్‌లో ఇస్తారు, వచ్చే ఏడాది అకౌంట్ రెన్యూవల్‌కి వెళ్ళినప్పుడు మీ పేపర్ల లిస్టే అడుగుతారు. క్లౌడ్‌లో అన్నీ తీసేశామనుకున్నాక రెండ్రోజులాగి బిల్లింగ్ పేజీ మళ్ళీ ఒకసారి తెరవండి, రీజియన్లన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూస్తే ఎక్కడో ఒక మూల పాత స్నాప్‌షాటో డిస్కో కనిపిస్తుంది, అది కూడా డిలీట్ చేసి అప్పుడు కార్డు తీసేయండి.